పెదవి నీలమైన బిడ్డకు తలనొప్పి వస్తే: అపోహలు – వాస్తవాలు

గుండెలో లోపంతో పుట్టిన పిల్లల సంగతి ఎత్తితే మన మాటలన్నీ ఛాతీ దగ్గరే ఆగిపోతాయి. రంధ్రం ఎంతుందట, ఆపరేషన్ ఎప్పుడట, ఖర్చెంతట. ఆ పిల్లల్లో కొందరికి ప్రాణం మీదికి వచ్చేది ఛాతీ నుంచి కాదు, తల నుంచి. మెదడులో చీముగడ్డ కడుతుంది. వారం పదిరోజులు తలనొప్పి, వాంతులు, ఆ తర్వాత ఫిట్స్, ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోవడం. ఈ రెండు జబ్బులకూ ఉన్న లంకెను లండన్ వైద్యుడు జాన్ రిచర్డ్ ఫార్ 1814లోనే రాసిపెట్టాడు. రెండు వందల ఏళ్ళు దాటినా ఇంటి అరుగు మీద ఆ లంకె ఎవరికీ తట్టదు. కొన్నిసార్లు ఆసుపత్రి ఓపీలోనూ తట్టదు.

మర్పల్లి లాంటి ఊరి సంగతే చూడండి. అది వికారాబాద్ జిల్లా ఉత్తరపు కొసన, జహీరాబాద్, బీదర్ వైపు పోయే రైలు దారిలో ఉంది. పిల్లల గుండె చూసే డాక్టరు, పిల్లల మెదడుకు ఆపరేషన్ చేసే డాక్టరు ఒకేచోట దొరకాలంటే హైదరాబాద్ పోవాల్సిందే. ఈలోపు బిడ్డ నాలుగైదు చేతులు మారుతుంది: ఊళ్ళో ఆర్‌ఎంపీ, పీహెచ్‌సీ, వికారాబాద్‌లోనో తాండూరులోనో పెద్దాసుపత్రి, మధ్యలో ఓ ప్రైవేటు క్లినిక్, చివరికి హైదరాబాద్‌లోని నిలోఫర్ పిల్లల ఆసుపత్రి. ప్రతిచోటా "ఏమైంది?" అని అడుగుతారు. "ఫిట్స్ వచ్చినయి సార్" అని జవాబు. "పుట్టినప్పటి నుంచి గుండె జబ్బున్నది" అనే మాట నాలుగోచోటనో ఐదోచోటనో బయటపడుతుంది, అదీ ఏ డాక్టరో బిడ్డ గోళ్ళు చూసి అనుమానపడితే. ఆలస్యానికి దూరం కన్నా ఈ చెప్పని మాటే పెద్ద కారణమని నాకనిపిస్తుంది. దాచాలని ఎవరూ దాచరు. తలకూ గుండెకూ సంబంధముందని తెలియకే చెప్పరు.

"పుట్టుకనే నలుపు, మా ఇంటి రంగే గంత"

ఒంట్లో ఆక్సిజన్ తక్కువైతే పెదవులు నీలమౌతాయని వైద్య పుస్తకాలు చెబుతాయి. అవి చాలావరకు తెల్లచర్మాన్ని చూసి రాసినవి. చామనఛాయ బిడ్డలో ఆ నీలం తేలిగ్గా దాక్కుంటుంది. అందుకే చర్మం కాదు, నాలుక, చిగుళ్ళు చూడాలి, అదీ ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుతురులో.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ ఒక డెసిలీటరు రక్తంలో నాలుగైదు గ్రాములు పోగైతే తప్ప నీలం కంటికి ఆనదు. రక్తహీనత ఉన్న బిడ్డలో మొత్తం హిమోగ్లోబినే తక్కువ కాబట్టి అంత పోగవడం కష్టం. జబ్బు ఎక్కువున్నా నీలం తక్కువ కనిపిస్తుంది. ఐదేళ్ళలోపు పిల్లల్లో సగానికి మించి రక్తహీనతతో ఉన్న రాష్ట్రంలో "నీలంగా లేడు కదా" అన్నది ధీమా ఇచ్చే మాట కాదు.

రంగు చెప్పకపోయినా బిడ్డ చేష్టలు చెబుతాయి. పాలు తాగుతూ మధ్యలో ఆగి ఆయాసపడడం, ఏడ్చినప్పుడు నల్లబడి నిస్త్రాణగా వాలిపోవడం, వేళ్ళ చివరలు ఉబ్బి గోళ్ళు గుండ్రంగా వంగడం. అన్నిటికన్నా గుర్తుపట్టదగ్గది ఒకటుంది. బడి మైదానంలో పిల్లలంతా ఉరుకుతుంటే ఒకడు నాలుగడుగులేసి గొంతుక్కూర్చుంటాడు. కాసేపటికి లేచి మళ్ళీ నాలుగడుగులు. "సోమరిపోతు" అని నవ్వుతారు. వాడికి ఎవరూ నేర్పని వైద్యం అది. మోకాళ్ళు ముడిచి కూర్చుంటే కాళ్ళవైపు పోయే రక్తానికి అడ్డు పెరిగి, ఆ ఒత్తిడికి ఎక్కువ రక్తం ఊపిరితిత్తుల వైపు మళ్ళుతుంది. తల తిరగడం తగ్గుతుంది.

కొవిడ్ కాలంలో ఊరూరా చేరిన వేలి ఆక్సీమీటరు ఇప్పుడు చాలాచోట్ల సొరుగులో పడి ఉంది. ఈ పిల్లల విషయంలో దానికి మించిన చౌక పరీక్ష లేదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు 95, ఆపైన చూపిస్తుంది. వేడిగా ఉన్న వేలికి పెట్టి రెండోసారి చూసినా 90 దాటకపోతే గుండెకు ఎకో తీయించాల్సిందే. 75 చూపిస్తున్న బిడ్డ అమ్మ ఒళ్ళో కూర్చుని బిస్కెట్ తింటూ కబుర్లు చెప్పొచ్చు. అది చూసి మిషను పాడైందనుకోకూడదు.

"గుండె జబ్బు గుండెకు, తలనొప్పి ఎండకు"

ఊపిరితిత్తుల పని గాలి మార్చడం ఒక్కటే అనుకుంటాం. వాటికి ఇంకో పని కూడా ఉంది. ఒళ్ళంతా తిరిగిన చెడురక్తం గుండె కుడివైపు చేరి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోని సన్నటి నాళాల గుండా పోతుంది. పంటి చిగురు నుంచో, చెవి నుంచో, మోకాలి మీది పుండు నుంచో రక్తంలోకి జారిన సూక్ష్మజీవులను ఆ నాళాలు జల్లెడలా పట్టేస్తాయి. అక్కడ కాపున్న కణాలు వాటిని మింగేస్తాయి. గట్టిగా పళ్ళు తోముకున్నా కాసిని సూక్ష్మజీవులు రక్తంలోకి పోతూనే ఉంటాయి. మనకు తెలియకుండానే ఆ సంగతి అక్కడితో ముగిసిపోతుంది.

నీలం బిడ్డలో ఈ దారి తప్పుతుంది. ఈ పిల్లల్లో ఎక్కువగా కనిపించే జబ్బు, 1888లో ఫ్రెంచి వైద్యుడు ఫాలో వర్ణించిన నాలుగు లోపాల జబ్బు. డాక్టరు చీటీ మీద టీఓఎఫ్ అని ఉంటుంది. గుండె కింది గదుల మధ్య గోడకు పెద్ద రంధ్రం, ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకు, ఒంటికి రక్తం పంపే పెద్ద ధమని ఆ రంధ్రం మీదికి జరిగి ఉండడం, కుడిగది కండ మందమెక్కడం: ఇవీ ఆ నాలుగు. దారి ఇరుకైతే రక్తం ఏం చేస్తుంది? తేలిక దారి వెతుక్కుని రంధ్రం గుండా ఎడమవైపు దూకుతుంది. ఊపిరితిత్తులను చూడకుండానే, అందులోని సూక్ష్మజీవులతో సహా, నేరుగా మెదడుకు చేరుతుంది.

అలా చేరినంత మాత్రాన చీము పట్టదు. మెదడుకు తన రక్షణ తనకుంది. ఈ బిడ్డలో ఆ రక్షణా బలహీనమే. ఏళ్ళ తరబడి ఆక్సిజన్ చాలక, రక్తం చిక్కబడి, మెదడులో అక్కడక్కడ సన్ననాళాల్లో ప్రవాహం మందగిస్తుంది. కంటికి కనపడనంత చిన్న ముక్కలు చచ్చుబడతాయి. నోట్లోంచి వచ్చిన స్ట్రెప్టోకాకస్ జాతి సూక్ష్మజీవులకు అంతకన్నా అనువైన చోటు ఉండదు. ముందు అక్కడ వాపు, రెండు వారాలు గడిచేసరికి చుట్టూ గట్టి పొర, లోపల చీము.

ఇది చంటిపిల్లల్లో అరుదు. రెండేళ్ళు దాటాక మొదలై, నాలుగు నుంచి ఏడేళ్ళ వయసులో ఎక్కువగా కనిపిస్తుంది. ఎండలో ఆడొచ్చి తల పట్టుకునే వయసు కూడా అదే. అందుకే పోల్చుకోవడం కష్టం.

గుండెలో రంధ్రం ఉన్న ప్రతి బిడ్డకూ ఈ భయం అక్కర్లేదు. మామూలు రంధ్రాల్లో రక్తం ఎడమ నుంచి కుడికి, అంటే ఊపిరితిత్తుల వైపే పోతుంది. పెద్ద రంధ్రాన్ని ఏళ్ళకేళ్ళు పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి ప్రవాహం ఎదురు తిరుగుతుంది. అప్పుడు ఎర్రగా పుట్టిన బిడ్డ కూడా నీలమౌతుంది, ఈ జాబితాలో చేరుతుంది.

"రక్తం పద్దెనిమిదున్నది, ఇంకేం గావాలె?"

పరీక్ష కాగితం మీద హిమోగ్లోబిన్ 18 చూసి సంతోషించే తల్లిదండ్రులున్నారు. నీలం బిడ్డలో ఆ అంకె ఆరోగ్యానిది కాదు. ఆక్సిజన్ చాలక ఎముకమజ్జ ఎర్రకణాలను అదేపనిగా తయారు చేస్తోందని అర్థం. రక్తం చిక్కబడే కొద్దీ మెదడుకు ముప్పు.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది. అదే బిడ్డకు హిమోగ్లోబిన్ 12 వస్తే "నార్మల్" అని రిపోర్టులో అచ్చవుతుంది. 75 శాతం ఆక్సిజన్‌తో బతుకుతున్న బిడ్డకు 12 అంటే నిజానికి రక్తహీనతే, ఇనుము లోటు. రెండేళ్ళలోపు నీలం పిల్లల్లో పక్షవాతానికి ఈ లోటు ఒక ముఖ్య కారణం. కాబట్టి ఐరన్ చుక్కలు మొదలుపెట్టాలన్నా ఆపాలన్నా గుండె డాక్టరును అడిగే చేయాలి.

ఎండాకాలంలో వాంతులు, విరేచనాలైతే ఈ పిల్లలకు నీళ్ళు తగ్గనివ్వకూడదు. చిక్కటి రక్తం ఒక్కపూటలో ఇంకా చిక్కబడుతుంది. ఓఆర్‌ఎస్ వెంటనే మొదలుపెట్టాలి, తాగకపోతే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

"జ్వరమే లేదు, చీమెట్ల పడుతది?"

ప్రపంచంలో పలుచోట్ల జరిగిన అధ్యయనాలను కలిపి 2014లో వెలువరించిన ఒక విశ్లేషణ ఉంది. మెదడులో చీముగడ్డ ఉన్నవారిలో తలనొప్పి ఉన్నది దాదాపు 70 శాతం మందికి, జ్వరం ఉన్నది సగం మందికి. తలనొప్పి, జ్వరం, చెయ్యో కాలో మాటో పడిపోవడం మూడూ కలిసి కనిపించింది ఐదుగురిలో ఒకరికే. జ్వరం కోసం ఎదురుచూస్తే సగం మందిని పోగొట్టుకున్నట్టే.

మన దగ్గర దీనికి తోడు సూది మందు ఒకటి. మొదటి రోజు తలనొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్, పారాసెటమాల్ పడతాయి. రెండు రోజులు తేరుకున్నట్టే ఉంటుంది. మూడో రోజు మళ్ళీ మొదలు. మళ్ళీ సూది. చీము చుట్టూ పొర గట్టిపడ్డాక ఆ అరకొర మందు లోపలికి సరిగా చేరదు. పైపై లక్షణాలు చల్లారతాయి, గడ్డ మాత్రం పెరుగుతుంది. ఆ గడ్డ మెదడు లోపలి నీటిగదుల్లోకి పగిలిందంటే ఇక బిడ్డను దక్కించుకోవడం చాలా కష్టం.

రెండేళ్ళు దాటిన నీలం బిడ్డకు తగ్గని తలనొప్పి, కారణం లేని వాంతులు, ఎన్నడూ లేని మత్తు, ఫిట్స్, నడకలో తూలు: వీటిలో ఏ ఒక్కటి వచ్చినా, కాదని స్కానింగ్ తేల్చేదాకా చీముగడ్డే అనుకోవాలి. ఆ స్కానింగ్ అదే రోజు జరగాలి.

"గాలి సోకింది, లేకుంటే ఎవరో చేసిన్రు"

మెదక్ వైపు మెతుకు సీమలోనూ, ఈ వికారాబాద్ పక్కా బాణామతి అన్న మాట వినని ఊరు తక్కువ. నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న బిడ్డ ఇవాళ ఉలికిపడుతుంది, గుడ్లు తేలేస్తుంది, అమ్మను గుర్తుపట్టదు, ఒక చెయ్యి లేపదు. చూసినవాళ్ళకు భయం వేయడంలో వింతేముంది? మెదడు ముందుభాగంలో చీము పడితే బుద్ధి, ప్రవర్తన మారతాయి. పక్కభాగంలో పడితే మాటో చెయ్యో పోతుంది. పట్టింది ఏమిటో సీటీ స్కాన్‌లో కనిపిస్తుంది. తాయెత్తు కడతామంటే నాకేం అభ్యంతరం లేదు, దర్గాకు మొక్కుకున్నా సరే. కట్టుకుని నేరుగా బండి ఎక్కండి, అంతే. మూడు శుక్రవారాలు చూద్దామన్నప్పుడే బిడ్డ చేజారుతుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ నలపడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం, ఇవేవీ వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లోది బయటికి కారనివ్వండి, బిగుతు బట్టలు వదులు చేయండి, 108కి ఫోన్ చేయండి. ఫోన్‌లో మొదటి మాటే "గుండె జబ్బున్న బిడ్డ" అని చెప్పండి.

"మెదడుల గడ్డ అంటే ఇగ అయిపోయినట్టే"

గడ్డ అనగానే క్యాన్సర్ గుర్తొస్తుంది. ఇది ట్యూమర్ కాదు, చీము. అంటువ్యాధి కాదు, ఇంట్లో మిగతా పిల్లలను దూరం పెట్టనక్కర్లేదు. మెదడువాపు జ్వరం వేరు, ఇది వేరు.

అసలు పోలిక కుదిరేది ఇంకో రెంటితో: టీబీ గడ్డ, పందిమాంసపు బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో ఏర్పడే తిత్తి. స్కానింగ్‌లో మూడూ ఉంగరం ఆకారంలోనే మెరుస్తాయి. అనంతగిరి గుట్ట మీద నిజాం కాలంనాటి టీబీ ఆసుపత్రి ఉన్న ప్రాంతం ఇది, టీబీ మాట అందరికీ చప్పున తడుతుంది. తట్టడంలో తప్పులేదు. కానీ గుండె సంగతి చెప్పకపోతే బిడ్డను టీబీ మందుల మీద పెట్టి నెలలు గడిపే ప్రమాదముంది. చీమును మిగతావాటి నుంచి విడదీసి చూపే ఎంఆర్ఐ పద్ధతి ఇప్పుడుంది. ఏం వెతకాలో రేడియాలజిస్టుకు ముందే తెలిస్తే పని సులువు.

"వెన్నులో నీళ్ళు తీస్తే తెలిసిపోతుంది కదా" అని కొందరు తొందరపెడతారు. మెదడు జ్వరానికి అది మంచి పరీక్షే. చీముగడ్డతో తలలో ఒత్తిడి పెరిగి ఉన్న బిడ్డకు మాత్రం ప్రమాదం. కింద నీరు తీస్తే పైనున్న మెదడు కిందికి జారి ఊపిరి ఆగొచ్చు. నీలం బిడ్డకు ముందు స్కానింగ్, తర్వాతే ఏదైనా.

ఇక చికిత్స. పుర్రెకు ఒక చిన్న రంధ్రం చేసి, స్కానింగ్ చూపిన దిక్కుగా సూది దించి, సిరంజితో చీము లాగుతారు. నీలం పిల్లలకు పూర్తి మత్తు ఇవ్వడంలో రిస్కు ఎక్కువ కాబట్టి చాలాచోట్ల ఆ చోటు మొద్దుబార్చే చేస్తారు. పచ్చగా, చిక్కగా వచ్చిన ఆ చీమును వెంటనే ల్యాబుకు పంపుతారు. ఏ సూక్ష్మజీవో తెలిస్తే మందు గురి తప్పదు. తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు నరం గుండా యాంటీబయాటిక్‌లు, మధ్యమధ్య మళ్ళీ స్కానింగ్‌లు. కొందరికి రెండోసారీ చీము తీయాల్సి వస్తుంది. అసలు పరీక్ష ఈ వారాల్లోనే. బిడ్డ మూడో వారానికే లేచి ఆడుతుంటుంది, ఇంటి దగ్గర పత్తి ఏరే పనులు ఆగిపోయి ఉంటాయి, తండ్రి డిశ్చార్జి చేయమని బతిమాలుతాడు. అతని కష్టం తెలియంది కాదు. కానీ సగంలో ఆపిన మందుకు గడ్డ మళ్ళీ కడుతుంది. ఫిట్స్ మాత్రలు కూడా డాక్టరు ఆపమనేదాకా ఆపకూడదు.

తలకు రంధ్రం పెట్టాక బతికినా పనికిరాడన్న మాట పాతకాలానిది. పైన చెప్పిన విశ్లేషణలోనే, అరవై ఏళ్ళలో ఈ జబ్బుతో చనిపోయేవారు నూటికి 40 మంది నుంచి 10 మందికి తగ్గారని తేలింది. బాగా కోలుకున్నవారు మూడోవంతు నుంచి 70 శాతానికి పెరిగారు. ఈ మార్పులో పెద్ద వాటా 1970ల్లో వచ్చిన సీటీ స్కాన్‌ది.

"తల గండం గడిచింది, ఇగ గుండె జోలికి పోవద్దు"

భయంతో అనే మాట ఇది, అర్థం చేసుకోవచ్చు. కానీ గండం వచ్చిన దారి ఇంకా తెరిచే ఉంది. తలలో చీము పూర్తిగా మానాక గుండె ఆపరేషన్ చేయించకపోతే మళ్ళీ రావచ్చు.

ఏ ఆపరేషన్ అన్నది కూడా తెలుసుకోవాలి. 1944 నవంబర్ 29న అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఒక నీలం పాపకు, చేతికి పోయే ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపి కుట్టారు. ఆలోచన పిల్లల డాక్టరు హెలెన్ టాసిగ్‌ది, కత్తి పట్టింది బ్లేలాక్, ల్యాబులో ఆ కుట్టును సాధించి ఆయన వెనుక నిలబడి చెప్పింది వివియన్ థామస్. ఆ పద్ధతిని మార్పులతో ఇప్పటికీ చేస్తున్నారు, షంట్ అంటారు. దానితో బిడ్డ రంగు తేలుతుంది, ఆటలాడుతుంది. కానీ లోపలి రంధ్రం అలాగే ఉంటుంది కాబట్టి చీముగడ్డ భయమూ ఉంటుంది. "ఆపరేషన్ అయిపోయింది" అని మందులూ చెకప్‌లూ మానేసిన షంట్ పిల్లలూ ప్రమాదంలోనే ఉంటారు. రంధ్రం మూసి, ఇరుకు దారి వెడల్పు చేసే పూర్తి ఆపరేషన్‌ను 1954లో అమెరికా సర్జన్ లిల్లీహై మొదలుపెట్టాడు. అది అయ్యాక ముప్పు బాగా తగ్గుతుంది.

"ఇంకొంచెం పెద్దయినంక చేయిద్దాం" అన్నదీ, "రంధ్రం అదే పూడుతది" అన్నదీ టీఓఎఫ్‌కు వర్తించవు. చిన్న రంధ్రాలు కొన్ని వాటంతటవే పూడతాయి, నిజమే. ఈ జబ్బు పూడేది కాదు. వీలైతే మొదటి ఏడాదిలోనే పూర్తి ఆపరేషన్ చేయాలని ఇప్పుడు డాక్టర్లు చూస్తారు. చీముగడ్డలు మొదలయ్యేది రెండేళ్ళ తర్వాత. అంటే వేళకు చేయిస్తే ఆ వయసు రాకముందే దారి మూసేసినట్టు.

"పాలపళ్ళే గదా, ఎట్లైనా ఊడేటివే"

ఊడే లోపు పుచ్చితే చాలు. నీలం బిడ్డ నోరు శుభ్రంగా ఉంచడం మందులతో సమానం. పన్ను పీకించాల్సి వస్తే డెంటిస్టుకు గుండె సంగతి ముందే చెప్పాలి. ఆపరేషన్ కాని నీలం పిల్లలకు, షంట్ ఉన్నవాళ్ళకు, పన్ను పీకే ముందు అరగంట నుంచి గంట లోపు ఒక డోసు యాంటీబయాటిక్ ఇస్తారు. చెవిలో చీము కారుతుంటే నూనె కాచి పోయడం కాదు, చూపించాలి.

ఖర్చు మాట. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి పిల్లల ఆరోగ్య పరీక్షలకు వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందాలు చూడాల్సిన జబ్బుల్లో పుట్టుకతో వచ్చే గుండెజబ్బు ఉంది. ఆ రోజు బిడ్డను ఇంట్లో ఉంచేయకండి. 2023లో వికారాబాద్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అదే ఏడాది బ్రిటన్ నుంచి వచ్చిన వైద్యబృందం హైదరాబాద్ నిమ్స్‌లో పిల్లలకు ఉచితంగా గుండె ఆపరేషన్లు చేసింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం 10 లక్షల రూపాయలకు పెంచింది. పిల్లల గుండె ఆపరేషన్లే కాదు, మెదడులో చీము తీసే చికిత్స కూడా అందులో ఉంది. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే వీలుంది. కాబట్టి కార్డు ఇంట్లో మరిచామని సగం దారి నుంచి వెనక్కి తిరగొద్దు. పాత ఎకో రిపోర్టు మాత్రం మరవొద్దు.